రెండు కలిపిన రిపోర్టు

నరసరావుపేటలో మా ఇంటికి దగ్గరగా ఉన్న ఆసుపత్రిలో రక్తం పరీక్షించే మిషన్‌కు రోజూ ఉదయం బొట్టు పెడతారు. శుక్రవారం నిమ్మకాయ కూడా. వాళ్లు దానికి చేసే సేవ అంతే.

నా భార్య మోకాళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి మాత్రలు మింగింది. ఈమధ్య నీరసంతో నిలబడలేకపోతుంటే ఆ ఆసుపత్రికి తీసుకెళ్లాను. కడుపులో రక్తం పోతోందేమోనని డాక్టరుకు అనుమానం వచ్చింది. హిమోగ్లోబిన్ ఏడుకు తగ్గితే రక్తం ఎక్కించాలన్నాడు.

పరీక్షకు రక్తం ఇస్తూ ఆమె టెక్నీషియన్‌ను అడిగింది. “ఏం నాయనా, మిషన్‌కి కూడా దిష్టి తగిలిద్దా?”

“బొట్టు పెట్టకపోతే మొరాయిచ్చిద్దమ్మా.”

“మా ఆయన కంటే నయం. ఈయన అన్నీ పెట్టినా మొరాయిస్తాడు.”

రిపోర్టులో ఎనిమిదిన్నర అని వచ్చింది. డాక్టరు ఐరన్ మాత్రలు రాసి ఇంటికి పంపాడు. కొద్ది రోజులకే ఆమె బాత్రూంలో కూలిపోయింది. గుంటూరులో రక్తం ఎక్కిస్తుండగానే పోయింది. అక్కడి డాక్టరు ఆ రిపోర్టును తిప్పి తిప్పి చూసి, కంట్రోల్ వేశారో లేదో కనుక్కోమన్నాడు. హిమోగ్లోబిన్ ఎంతుందో ముందే తెలిసిన రక్తాన్ని రోజూ మొదట మిషన్‌కు ఇచ్చి, అది నిజం చెబుతోందో లేదో చూసుకోవాలట. ఆ తర్వాతే రోగుల రక్తం.

కర్మలన్నీ అయ్యాక వెళ్లి అడిగాను. టెక్నీషియన్ ఏమీ దాచలేదు. దాచాల్సిన విషయమని అతనికి తోచనే లేదు.

“కంట్రోల్ వేసినప్పుడల్లా రెండు తక్కువ చూపిచ్చేది మాస్టారూ. ఎట్టాగూ ఫెయిలయ్యేదానికి ఎందుకని మానేశాం. వచ్చినదానికి రెండు కలిపి రిపోర్టు ఇచ్చేవాళ్లం.”

పప్పులు అమ్మే దుకాణంలో కూడా కాటా తప్పితే బాగుచేయిస్తారు.

“మా ఆవిడకీ కలిపారా?”

“అందరికీ కలిపాం. ఆమెకి మాత్రం తక్కువ చేస్తామా? కాకపోతే అప్పటికే ఇంజనీరొచ్చి మిషన్ బాగుచేసి పోయాడంట. మాకెవరూ చెప్పలా.”

అంటే ఆ రోజు మిషన్ ఆరున్నర అని నిజమే చెప్పింది. దాని మాట నమ్మకుండా వీళ్లు ఎనిమిదిన్నర చేశారు. ఒక్కసారి కంట్రోల్ వేసి ఉంటే మిషన్ బాగైందని తెలిసేది. డాక్టరు రక్తం ఎక్కించేవాడు.

“ఇప్పుడు కూడా కలుపుతున్నారా?”

“ఛఛ, ఇప్పుడు కలపట్లా.”

“మరి కంట్రోల్ వేస్తున్నారా?”

“మిషన్ బాగైంది గదా మాస్టారూ, ఇంకెందుకు?”

బెంచీల మీద చాలామంది చేతులు మడిచి, సూది గుచ్చినచోట దూది అదిమిపట్టుకుని కూర్చున్నారు. ఇక్కడి రిపోర్టు నమ్మొద్దనీ, గుంటూరు వెళ్లమనీ వాళ్లతో చెప్పాను. ఒక్కరూ లేవలేదు.

“ఆవిడ పోయిన బాధలో ఉన్నారు, ఏమనుకోమాకండి,” అని టెక్నీషియన్ వాళ్లకు సర్దిచెప్పి, తర్వాతి రక్తం సీసా తీసి మిషన్‌లో పెట్టాడు.