మైనం ముక్క ముందు దీపం

ఆపరేషన్‌లో అమ్మ గర్భసంచి తీసేశారు. ఉన్నది క్యాన్సరేనని తేలింది. అయినా తరవాతి చికిత్స ఏమిటో డాక్టరమ్మ చెప్పలేదు. ఆ సంచిలోంచి కోసి, మైనంలో బిగించిన చిన్న కండ ముక్కను మా చేతికిచ్చి, హైదరాబాదు ల్యాబుకు పంపమన్నారు.

"కణాల్లో ఏ గుర్తులున్నాయో చూడాలి. ఒక రకమైతే ఆపరేషన్‌తో సరి. ఇంకో రకమైతే కీమో, రేడియేషన్ రెండూ తప్పవు. ముక్కకు వేడి తగలనీయకండి."

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. అమ్మ మాత్రం, "ముగ్గురు పిల్లోళ్లను మోసిన సంచి, అగ్గిపెట్టెలో పట్టేంత అయింది సూడు" అని నవ్వింది.

నాయనది ఆదోనిలో పత్తి వ్యాపారం. ఏ సరుకు మార్కెట్ యార్డుకు పోవాలన్నా అందులోంచి పిడికెడు దూది తీసి, కొట్లో లక్ష్మీదేవి పటం ముందు పెట్టి దీపం వెలిగించనిదే గడప దాటనివ్వడు. ముక్కను కొరియర్‌కు ఇచ్చి వస్తానని పోయిన మనిషి ఎంతకీ రాకపోతే కొట్టుకు పోయి చూశాను. పటం ముందు ప్రమిద వెలుగుతోంది. దాన్ని ఆనుకుని మా మైనం ముక్క!

"నాయనా, అది మైనం! నీకు బుద్ధుండాదా?" అని అరిచాను.

"అమ్మవారికి సూపించకుండా యెప్పుడన్నా సరుకు పంపినామా?" అన్నాడు.

తీసి చూస్తే ముక్క మూల ఒకటి మెత్తబడింది. ఆయనా తాకి చూశాడు. "కరగలేదని సెప్పు తల్లీ" అని పటానికి దండాలు పెడుతూనే ఉన్నాడు. కొరియర్‌లో అందిన ముక్క బాగానే ఉందని ల్యాబువాళ్లు చెప్పేదాకా ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు.

ఫలితం వచ్చింది. మొండి రకమేనన్నారు డాక్టరమ్మ. కీమో, రేడియేషన్ రెండూ.

నాయన కుర్చీ ముందుకు జరిపాడు. "మేడమ్, దానికి దీపం సెగ తగిలినాది. మైనం కరిగింటాది. అందుకే తప్పు సూపిస్తాండాదేమో. ఇంకోసారి సూడండి."

కరగలేదంటే చాలని మొక్కుకున్న మనిషి, ఇప్పుడు కరిగిందనమని బతిమాలుతున్నాడు. నేనూ అదే కోరుకున్నాను.

"దీపం వేడికి ఆ గుర్తు మారదండీ" అన్నారామె.

అమ్మ ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. "దీపం మీదికెందుకు తోస్తావప్పా. మందు యెప్పుడు ఎక్కిస్తారో అడుగు."