సేటు పగడానికి పాలిష్

ఆ రోజుల్లో వెలుతురు గురించి నాకు తెలిసింది ఒక్కటే. ఎక్కువుంటే మంచిది, తక్కువుంటే కళ్లజోడు వస్తుంది. మందమర్రి బొగ్గుగనుల కాలనీ క్వార్టర్లో ఒకే ట్యూబ్‌లైటు కింద ఇంటిల్లిపాదీ చదువులూ వంటలూ కానిచ్చినవాళ్లం, అంతకు మించి ఆలోచించే పని పడలేదు. వెలుతురు ఎక్కువైతే ప్రాణం పోతుందనీ, ఆ ప్రాణంతో పాటు నా ఉద్యోగమూ పోతుందనీ, ఆ దిగులుతో నాకు అన్నం సహించని రోజులు వస్తాయనీ ఎవరైనా చెబితే నవ్వేవాణ్ణి. దేనికైనా నవ్వే వయసు అది.

డిగ్రీ కాగానే కరీంనగర్‌లో ఒక గ్రానైట్ షోరూంలో చేరాను. కొన్నాళ్లు చూసి, పనితనం నచ్చితేనే ఖాయం చేస్తానన్నాడు యజమాని. ఆయన్ని అందరం సేటు అనేవాళ్లం. చిన్నప్పటి నుంచీ రాళ్ల మధ్య పెరిగిన మనిషి. ఏ బండనైనా అరచేత్తో చరిచి, మగ్గుతో నీళ్లు చల్లి, ఎండలోకి తెప్పించి చూస్తేగాని దాని మీద మాట చెప్పేవాడు కాదు. (పెళ్లిచూపులకు కూడా మగ్గు పట్టుకునే పోయాడని పనివాళ్లు చెప్పుకునేవారు. నేను నమ్మలేదు, పూర్తిగా.) ఇక మా బాపు, నేను చేరిన వారానికే కొడుకు మేనేజర్ అయ్యాడని కాలనీ అంతా చాటేశాడు. దాంతో నేను పెట్టె సర్దుకుని మందమర్రి తిరిగి వెళ్లే దారి మూసుకుపోయింది.

ఇలా ఉండగా సేటు దుబాయ్‌లో రాళ్ల ప్రదర్శన చూడబోయి, దిగిన హోటల్లో సముద్రపు నీళ్ల తొట్టి చూసి వచ్చాడు. లోపల పగడాలు, వాటి మధ్య రంగు చేపలు. "మన షోరూం ముంగట గసొంటిది వెట్టాలె. ఒక్క పగడం రాయి, రెండు చేపలు సాలు. ఎవలకన్న చేపల సంగతి ఎర్కనా?" అని అడిగాడు. నా నోరు ఊరుకుంటుందా. "నాకెర్కే సేట్, మా ఇంట్ల చేపలుండె" అన్నాను. ఉండేవి నిజమే, గాజు సీసాలో రెండు బంగారు చేపలు, ఒక దసరా సెలవుల్లో. (సెలవులు వాటికంటే ఎక్కువ రోజులు ఉన్నాయి. ఆ ముక్క చెప్పలేదు.) "అయితే నువ్వే సూస్కో. అది సచ్చిందనుకో, నువ్వు గూడ మీ ఊరి బస్సెక్కుడే" అన్నాడు సేటు. నవ్వుతూనే అన్నాడు, కానీ ఆయన మనుషుల్ని పని మాన్పించేటప్పుడు కూడా నవ్వుతూనే మాన్పిస్తాడు.

తొట్టి వచ్చింది. నీళ్లలో నేను ఉప్పు కలుపుతుంటే సేటు వెనక నిలబడి, "గిన్నిగనం ఉప్పా? తొక్కు వెడ్తున్నవార?" అన్నాడు. ఉప్పు పంపింది హైదరాబాద్‌లో ఇలాంటి తొట్లకు సామాను అమ్మే ఒకాయన, నేను ఉప్పు భాయ్ అని పేరు పెట్టుకున్నాను. పగడం కూడా ఆయన తొట్టిలో పెరిగిందే. ఫోన్లో ఆయన ఒక్క లైటు గురించే గంటసేపు చెప్పాడు. "భాయ్, పగడం వెలుతురు తిని బతుకుతది. లైట్ సరిగ్గ లేకుంటే ఖతం. నీలంది తీస్కో, ముందు తక్కువ వెట్టు, మెల్లమెల్లగ పెంచు." అని, చూసి ఎంచుకొమ్మని మూడు రకాలు పంపాడు. ఒకటి తెల్లటి చిన్న గొట్టం, ఒకటి నీలం లైటు, మూడోది నిలువెత్తు లోతుండే తొట్లకు పెట్టే భారీ దీపం. మా తొట్టి మోకాలెత్తు కూడా లేదు.

సేటు మూడింటినీ ఎండలోకి తెమ్మన్నాడు.

ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, కరీంనగర్. షోరూం వెనక బండల మధ్యకు వైరు లాగి లైట్లు వెలిగించాం. సేటు మగ్గుతో రావడం చూసి రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాను. "సేట్, కరెంటు." ఆయన మనసు చిన్నబుచ్చుకుని మగ్గు కింద పెట్టాడు. నీలం లైటు ముందు వంగి చూసి, "గిది వెలుగుతలేదు" అన్నాడు. "వెలుగుతుంది సేట్, ఎండకు కనవడ్తలేదు" అన్నాను. "ఎండకు ఓడిపోయే లైటు మనకెందుకురా?" చిన్న గొట్టానికీ అదే తీర్పు. మూడోది మాత్రం ఆ ఎండలో కూడా కళ్లలో నీళ్లు తెప్పించింది. "గిదీ, లైటంటే" అని దాన్ని అరచేత్తో చరిచాడు. ఉప్పు భాయ్ మాట నా నాలుక చివరి దాకా వచ్చి, సేటు మొహంలో సంతోషం చూసి వెనక్కి పోయింది.

ఆ దీపం కిందే పగడాన్ని దించాం. పిడికెడంత ఉంటుంది, ఒళ్లంతా ముడతలు, మట్టి రంగు. "మీ మందమర్రి నుంచి తెచ్చినవార గీ పెళ్ల?" అన్నాడు సేటు, నిరాశగా. కానీ వారం తిరిగేసరికి దాని అంచులు తెల్లబడటం మొదలైంది. సేటు పరుగున వచ్చాడు. "అరే, పాలిష్ వస్తుందిరా. సూసినవా, లైటంటే గట్లుండాలె." ఒక పూటంతా నేనూ మురిసిపోయాను. ఆ మురిపెంలోనే ఫోటో తీసి ఉప్పు భాయ్‌కి పంపాను. మరుక్షణం ఫోన్. "వైట్ అయిందా? అయ్యో భాయ్, అది ఉపాసమున్నది. లోపటి పాచే దానికి రంగు, అదే తిండి. లైట్ ఎక్కువైతే పాచి పోతది. జల్దీ తగ్గించు, లేకుంటే మర్ జాతా."

ఆ క్షణం నుంచి నా గుండె తొట్టిలోనే ఉండిపోయింది. చెబితే, సేటు ఎంచిన లైటు తప్పని చెప్పాలి. చెప్పకపోతే అది చస్తుంది, నేను బస్సెక్కుతాను. ఈలోగా సేటు వచ్చినవాళ్లందరికీ దాన్ని చూపిస్తున్నాడు. కొడుకు మస్కట్‌లో ఉంటే ఇక్కడ ఇల్లు కట్టిస్తున్న ఖానాపూర్ పెద్దమనిషి ఒకాయన ముచ్చటపడి, "మా దేవునర్రకు గీ రాయే గావాలె" అని పూజగది కోసం పట్టుబట్టాడు. "ఇంక పాలిష్ వడుతుంది, జర ఆగుండ్రి" అన్నాడు సేటు. చచ్చిపోయే జీవికి అడ్వాన్సు బుకింగు.

చివరికి, రోజూ సేటు రాకముందే దీపం వేలాడే గొలుసును కాస్త కాస్త పైకి లాగడం మొదలుపెట్టాను. రాళ్లు కోసేవాళ్లు నీడకు కట్టుకునే పచ్చ వలలో ఓ ముక్క తెచ్చి దానికి అడ్డం కట్టాను. "లైటు మీదికి వోతుందేందిరా?" అంటే, "వేడికి సేట్" అన్నాను. రోజులు గడిచేకొద్దీ పగడానికి మెల్లగా మట్టి రంగు తిరిగి వచ్చింది. చూసిన పొద్దున నాకు ఏడుపొచ్చింది. సేటుకు కోపమొచ్చింది. "మాసిపోయింది. మంచిగ పాలిష్ వచ్చిన రాయి. ఎవడురా చేతులు వెట్టింది?"

సాయంత్రం దీపం ఆర్పేశాక నన్ను తొట్టి దగ్గరికి పిలిచాడు. నేను ఇక దాచలేకపోయాను. "అది రాయి కాదు సేట్, పానమున్నది. తెల్లగైతే సచ్చుడే. నేనే లైటు తగ్గించిన." సేటు నమ్మలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, ఏ బండనైనా చరిచినట్టే, నీళ్లలోకి చెయ్యి పెట్టాడు. మసక వెలుతురులో పగడం ముడతల్లోంచి సన్నటి వేళ్లు బయటికి వచ్చి కదులుతున్నాయి. సేటు అరచెయ్యి తగలగానే అవన్నీ ఒక్కసారి లోపలికి ముడుచుకున్నాయి. ఆయన చెయ్యి తీసి, కారుతున్న నీళ్లు తుడుచుకోకుండా అలాగే నిలబడ్డాడు. "గుంజుకున్నది" అన్నాడు మెల్లగా. "రాయి గుంజుకున్నదిరా." నా వైపు తిరిగి, "మరి ఖానాపూరాయనకు ఏం జెప్పాలెరా?" అన్నాడు.

మర్నాడే నీలం లైటు పెట్టించాడు. ఎవరైనా అద్దం తడితే, "మెల్లగ, పానమున్నది" అని కసురుకునేవాడు. నా ఉద్యోగం మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. ఆ షోరూంలో ఖాయమవడమంటే అదే.

తర్వాత నేను వేరే ఊళ్లకు, వేరే పనులకు వెళ్లిపోయాను. మొన్న కరీంనగర్ వెళ్లినప్పుడు షోరూం దాకా వెళ్లాను. పగడం అన్నం పళ్లెమంత అయింది, మట్టి రంగులోనే హాయిగా ఉంది. సేటు బాగా ముసలివాడయ్యాడు. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. షోరూం పెద్ద దీపాల కింద నిలబెట్టి, చెవుల మీద నెరిసిన నా జుట్టును పరీక్షగా చూసి, అరచేత్తో తల మీద ఒక్కటి చరిచాడు.

"ఏం రా, పాలిష్ వస్తుంది" అన్నాడు. మళ్లీ ఏం గుర్తొచ్చిందో, నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. "ఇటు నీడకు రా జర."

నవ్వుకుంటూనే ఆయన వెంట నీడలోకి నడిచాను.