కెనడా కోస్తా

కరపత్రం రాసింది నేనే. నాగర్‌కర్నూల్‌లో మందుల దుకాణం పై అంతస్తులో ఉన్న ఒక విదేశీ చదువుల ఆఫీసులో ఇంగ్లిషు చెబుతాను. కెనడాలో రెండేళ్లు చదివి, అక్కడ నిలదొక్కుకోలేక తిరిగొచ్చినదాన్ని. ఆ సంగతి బోర్డు మీద ఉండదు. నా పేరు పక్కన "కెనడా రిటర్న్" అని మాత్రం ఉంటుంది, అదేదో పట్టా అయినట్టు.

నేను చదివింది అక్కడ సముద్రం ఒడ్డునున్న రాష్ట్రంలో. మా ఓనరు పిల్లల్ని పంపేదీ ఆ రాష్ట్రానికే. కరపత్రంలో అక్కడి చలి గురించి నాలుగు వాక్యాలు రాస్తే ఆయన ఎర్ర పెన్నుతో కొట్టేశాడు. "చలి అని రాస్తె ఎవరొస్తరు మేడమ్? సముద్రం ఉన్నది గద, అది రాయుండ్రి" అన్నాడు. "కెనడా కోస్తాలో చదువులు" అని రాసిచ్చాను. ఆ మాట ఎంత పని చేస్తుందో అప్పుడు నాకు తెలియదు. తెలిశాక కూడా ఊరుకున్నాను, అదీ నా ఘనత.

కోస్తా అంటే మా పాలమూరు వాళ్లకు ఒకటే. వార్తల చివర వాతావరణంలో వినిపించే కోస్తా. ఉక్కపోత, చెమట, తుఫాన్లు. అక్కడ మనుషులు చలికి వణుకుతారని ఎవరూ అనుకోరు.

గట్టు అనే ఊరి నుంచి ఒక దర్జీ తన పెద్దకూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పిల్లకు చిన్నప్పటి నుంచి ఆయాసం. చలికాలం పొద్దున ఇన్‌హేలర్ పీల్చకుండా గడప దాటదు. ఇంకో ఆఫీసువాళ్లు కెనడా నడిమధ్య రాష్ట్రం ఒకటి చూపిస్తే, మంచు ఫొటోలు చూసి ఆయన వద్దన్నాడట. మా కరపత్రం చేతిలో పట్టుకుని అడిగాడు.

"మేడమ్, ఇది కోస్తానే గద? మా పిల్లకు చలి పడదు. జర నిజం చెప్పుండ్రి."

ఓనరు పక్కనే ఉన్నాడు. అయినా నెపం ఆయన మీద వెయ్యను, నాకూ నోరుంది. "కోస్తానే భాయ్, సముద్రం ఒడ్డే" అన్నాను. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అందుకే ఆ జవాబంటే నాకు మరీ అసహ్యం.

నేను చెప్పాల్సింది వేరే ఉంది. జనవరిలో అక్కడ వాన పడుతూనే గడ్డకడుతుంది, రోడ్డంతా జారుడే. సముద్రపు గాలి మూడు పొరల బట్టలు దాటి లోపలికి వస్తుంది. సాయంత్రం ఐదు కాకముందే చీకటి. బస్సు తప్పితే ఆ గాలిలోనే గంట నిలబడాలి. గది అంటే ఎవరింటి కిందో నేలమాళిగ, నలుగురు పిల్లలు, చెమ్మ వాసన. ఒంట్లో బాగాలేకపోతే మనలాగా నేరుగా పోయి డాక్టరు ముందు కూర్చోవడం కుదరదు. సొంత డాక్టరు దొరికేదాకా పెద్ద దవాఖానలో గంటలు గంటలు కాచుకోవాలి. సముద్రం అందంగానే ఉంటుంది. జూలైలో.

ప్రయాణానికి ముందు ఆయన కూతురికి ఎనిమిది జతలు కుట్టి, ఆఫీసుకు తెచ్చి చూపించాడు. అన్నీ పల్చటి కాటన్. "ఉక్కపోతకు గిదే మంచిగుంటది, చెమట గుంజుకుంటది" అని మురిసిపోయాడు. నేను ఆ పిల్లను పక్కకు పిలిచి, దిగగానే మంచి కోటు కొనుక్కోమన్నాను. దాంతో నా పాపం కడుక్కున్నాననుకున్నాను.

జనవరిలో వెళ్లిన పిల్ల ఫిబ్రవరిలో ఫోన్ చేసింది. బస్సు కోసం నిలబడి ఆయాసంతో కూలబడిందట. ఎవరో దవాఖానకు తీసుకుపోతే పొద్దంతా కుర్చీలోనే కూర్చుందట. మాట మాటకూ ఊపిరి అందడం లేదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"మా అబ్బాకు చెప్పకుండ్రి మేడమ్. బిడ్డ మంచి జాగల ఉన్నదని గట్టు అంత చెప్పుకుంటుండు. నేను గూడ ఉక్కపోస్తుందనే చెప్తున్న. రూంల హీటర్ పెట్టుకొని, ఆయన కుట్టిన డ్రెస్సే ఏసుకొని వీడియో కాల్ చేస్తున్న."

చెప్పనన్నాను. ఎంత మంచి పిల్ల అనుకుని కళ్లు కూడా తుడుచుకున్నాను. నా ఏడుపు ఎవరికి కావాలి?

పోయిన నెల ఆయన మళ్లీ వచ్చాడు, ఈసారి చిన్నకూతురితో. "ఈమెకు గూడ అక్క లెక్కనే ఆయాసం మేడమ్. గదే కోస్తాకు రాయుండ్రి, అక్కాచెల్లెండ్లు ఒక్కకాడ ఉంటరు" అన్నాడు.

ఇక ఊరుకోలేకపోయాను. ఓనరు వింటుండగానే మొత్తం చెప్పేశాను. చలి, మంచు, పెద్దపిల్ల రోడ్డు మీద కూలబడింది, దవాఖాన, హీటరు, అన్నీ. పిల్లకిచ్చిన మాట తప్పాను. ఆయన నామీద విరుచుకుపడతాడనుకున్నాను. నవ్వాడు.

"ఏంది మేడమ్, గిట్ల పరేషాన్ చేస్తరు? మొన్ననే మాట్లాడిన, పల్చటి డ్రెస్ మీదనే ఉండె. నా బిడ్డ నాతోని అబద్ధమాడుతదా? గట్ల చలి ఉంటే మీరే మొదాల చెప్పకపోదురా?"

"చెప్పలేదు భాయ్. తప్పు నాదే" అన్నాను.

ఆయన నవ్వు ఆగింది. అయోమయంగా ఓనరు వైపు చూశాడు.

"మేడమ్‌కు ఆడ నడవలే భాయ్, వాపసొచ్చింది. ఎవరన్న పోతుంటే ఓర్వదు" అన్నాడు ఓనరు, మెల్లగా, నా పరువు కాపాడుతున్నట్టు.

దర్జీ కాసేపు నన్ను జాలిగా చూశాడు. తర్వాత కుర్చీ ఓనరు వైపు జరుపుకుని, కూతురి సర్టిఫికెట్లు ఆయనకు ఇచ్చాడు.