మిద్దె మీద తోకచుక్క

మదనపల్లె నుంచి కుప్పానికి ముప్పై ఏళ్లు బస్సు నడిపాను. తెల్లవారుజామున మొదటి ట్రిప్పు నాదే కాబట్టి చుక్కల పిచ్చి అక్కడే పట్టుకుంది. రిటైరై పుంగనూరులో ఇల్లు కట్టుకున్నాక బైనాక్యులర్ కొనుక్కొస్తే, "పిచ్చి కుదిరింది, రోకలి తలకు సుట్టమన్నట్టుండాది" అని మా ఆవిడ నవ్వింది. నవ్వుతూనే నా వెంట మిద్దె ఎక్కేది. ఒక చలికాలం ఆరుద్ర నక్షత్రం ఉన్నట్టుండి మసకబారితే, రోజూ దాన్ని రోహిణితో పోల్చి చెప్పింది ఆమే. "ఈ పొద్దు రోహిణే మేలప్పా" అనేది. నా చూపు కంటే ఆమె చూపే నాకు నమ్మకం.

అలాంటి కళ్లకు జబ్బు చేసింది. చూపులో మధ్యభాగం పోయిందని, అంచులు మాత్రం మిగులుతాయని, పోయింది తిరిగి రాదని మదనపల్లెలో డాక్టరమ్మ చెప్పింది. ఎదురుగా ఏది చూసినా అక్కడొక బూడిద మచ్చేనట. ఆనాటి నుంచి ఆమె మిద్దె ఎక్కలేదు. ఒక్కడినే చూడాల్సిన ఆకాశం మీద నాకు కోపం వచ్చింది. నేనూ ఎక్కడం మానేశాను.

ఆ అక్టోబరులో, కొత్తగా కనిపెట్టిన తోకచుక్క ఒకటి పొద్దుగుంకాక పడమట కనిపిస్తుందన్నారు. పోతే మా జన్మలో మళ్లీ రాదు. మొదట్లో అంతా వాన మబ్బు. మబ్బు విడిచేసరికి తోకచుక్క మసకబారిపోతోంది. ఇక ఆగలేక ఆమెను పిలిచాను.

"కండ్లు లేనిదాన్ని యాల పిలుస్తావప్పా?" అంది.

"నాకు తోడుగా రా" అని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాను.

బైనాక్యులర్ ఇస్తే వద్దంది. ఆమెకు లేనిది నాకెందుకని నేనూ ఉత్త కళ్లతోనే వెతికాను. ఏమీ కనిపించలేదు. పిలుచుకొచ్చి ఊరికే బాధపెట్టానే అనుకున్నాను.

"ఆడుండాది" అంది ఆమె. "ఆ సెల్ టవర్ దీపానికి పైన, తెల్లగా, ఈక మాదిరి."

చూస్తే ఆమె ముఖం అటువైపే లేదు. పక్కింటి కొబ్బరిచెట్టు వైపు తిరిగి ఉంది. నేను టవర్ పైన ఎంత గుచ్చి చూసినా ఉత్త చీకటే.

"నేరుగా సూడద్దప్పా, సన్న ఎలుగు నేరుగా సూస్తే మాయమైతాది. కొబ్బరిచెట్టు సూడు. ఓరకంటికి అదే వస్తాది."

డ్రైవరు కళ్లు నావి, నేరుగా తప్ప చూడ్డం రాదు. నాలుగైదు సార్లు తంటాలు పడ్డాక, కంటి చివర ఏదో తెల్లగా తేలింది. ఇంతలో కళ్లలో నీళ్లు నిండి అదీ పోయింది. ఆమె నవ్వింది.

డాక్టరమ్మ చెప్పిన రోజు నుంచి అడగడానికి భయపడుతున్న మాట అప్పుడు అడిగాను. "ఏమ్మే, నా మొగం కనిపిస్తాందా నీకు?"

"దినమూ సూస్తానే ఉండా" అంది. "నీ చెవి తట్టు సూస్తే, నీ మొగం వస్తాది."