సీటా, స్టూలా

సింహాసనాల కోసం రాజులు చేసిన యుద్ధాల గురించి చరిత్రకారులు కట్టలకొద్దీ రాశారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు తక్షణం దిగిపోవాలో ప్రతి సోమవారం పొద్దున్నే తీర్పు చెప్పిన మా బావ గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ఆ లోటు పూడ్చడానికి నేను కలం పట్టాను. మా బావకున్న జబ్బు ఒక్కటే. కార్ల రేసుల్లో ఏ డ్రైవరు తన సీటుకి తగినవాడో, ఎవడు కాడో తేల్చందే ఆయన సూదిలో దారం ఎక్కించడు.

సూదీ దారం ఎందుకంటే ఆయన చేసే పని సీట్లు కుట్టడం. స్కూటర్లవీ, కార్లవీ, వ్యాన్లవీ సీట్లు చిరిగితే జనం ఆయన దగ్గరికే తెస్తారు. షట్టరు ఎత్తితే ఒక కుట్టుమిషను, గోడ పొడుగునా రెగ్జిన్ చుట్టలు, మూల స్పాంజి ముక్కల గుట్ట. సాయంత్రాలు ఆ గుట్టే నా ఆసనం. ఆయన భార్య మా అక్క కాబట్టి మధ్యలో లేచి వెళ్ళిపోయే హక్కు నాకు లేదు.

ఆయన న్యాయశాస్త్రం చాలా క్లుప్తమైనది. లోకంలో కూర్చునేవాళ్ళు రెండు రకాలు. సీటుకి తగినవాళ్ళు, స్టూలు చాలేవాళ్ళు. మొదటి రకంలో నాకు తెలిసి ఇంతవరకు ఎవరూ చేరలేదు.

పక్క షాపులో కార్లకి అద్దాలు బిగించే ఆయన ప్రతివాది.

"మూడుసార్లు ఛాంపియనయ్యా బాబూ వాడు," అనేవాడు అద్దాలాయన.

"ఛాంపియనైంది ఆ కారు. వాడు లోపల ఉన్నాడు, అంతే."

"మరి పోయినేడు ఓడిపోయాడుగా?"

"అప్పుడు వాడే ఓడాడు."

"అంటే గెలిస్తే కారు, ఓడితే మనిషి?"

"ఆలస్యంగానైనా బుర్రకెక్కింది నీకు. వాడికి సీటెందుకు, స్టూలు చాలు."

జీతాల చర్చ వస్తే పరిస్థితి ఇంకా విషమించేది. తండ్రి జట్టుకి డబ్బు పోసి ఒక కుర్రాణ్ణి కారెక్కించాడట. వాడికి మా బావ 'నాన్న సీటు' అని పేరు పెట్టాడు.

"ఒక్క మలుపు తిప్పితే వాడికొచ్చేది నేను ఏడాదంతా కుట్టినా రాదు. పోనీ గెలిచాడా అంటే, అందరూ ఇళ్ళకెళ్ళాక వస్తాడు."

"నువ్వూ తిప్పు, నీకూ ఇస్తారు."

"నేను నిజాయితీపరుణ్ణి. నా అర్హత నాకు తెలుసు కాబట్టే దీని మీద కూర్చున్నాను," అని మా బావ తన కింద ఉన్నదాన్ని తట్టి చూపించేవాడు. అది స్టూలే.

ఈ న్యాయవిచారణల వల్ల నష్టపోయిన అమాయకులు ఎందరో. ఒక గుమాస్తా స్కూటరు సీటు కుట్టడానికి ఇచ్చాడు. సరిగ్గా అప్పుడే రేసు జట్లు డ్రైవర్లని మార్చుకునే కాలం వచ్చిపడింది. సీటు చేతికొచ్చేదాకా పాపం ఆ గుమాస్తా ఆఫీసుకి నిలబడే స్కూటరు నడుపుకుంటూ వెళ్ళేవాడు. ఎవరో పెద్ద అధికారి ముందు వెళ్ళే బండి అనుకుని దారిలో జనం తప్పుకునేవారట.

"ఆ నాన్న సీటువాణ్ణి దింపడం అయిందా?" అని ఇంట్లోంచి మా అక్క ఫోను చేసేది. "అయితే ఇలా వచ్చి గ్యాసు బండ కూడా దింపండి. వీధిలో ఉంది."

ఇంత కష్టపడ్డా ప్రపంచం ఆయన్ని లక్ష్యపెట్టలేదు. ఆయన దింపమన్నవాళ్ళంతా జీతాలు పెంచుకుని మరో రెండేళ్ళకి సంతకాలు పెట్టారు. ఆ వార్తలు వచ్చిన రోజున మా బావ కత్తెర పక్కన పెట్టి వీధికేసి చూస్తూ కూర్చునేవాడు. "ఏం లాభం లేదోయ్," అనేవాడు. నాకూ అలాగే అనిపించేది, కాకపోతే వేరే కారణాల చేత.

అన్నిటికన్నా ఆయన్ని కుంగదీసినవాడు ఒక తెల్లజుట్టు డ్రైవరు. వయసు మీద పడినా కారు దిగడు. మా బావ వాణ్ణి ముసలాడనే పిలిచేవాడు. వాడి విషయంలో ఆయన తీర్పు మారింది లేదు, గొంతు తగ్గింది లేదు.

ఇలా ఉండగా ఒకరోజు ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ యజమాని తన వ్యాను తెచ్చి షాపు ముందు ఆపించాడు. నడిపే పెద్దాయన దిగి, ఒక చెయ్యి నడుము మీద వేసుకుని పక్కన నిలబడ్డాడు.

"డ్రైవరు సీటు పూర్తిగా పోయింది, కొత్తగా కుట్టు," అన్నాడు యజమాని. "సోమవారం నుంచి మా మేనల్లుడు తోల్తాడు. ఈయన మరీ నెమ్మది. ఆసుపత్రివాళ్ళు రోజూ ఫోను చేసి తిడుతున్నారు."

ఆ మాట పెద్దాయన ముందే అన్నాడు. పక్కన ఉన్నది మనిషి కానట్టు. అని, ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

పెద్దాయన వ్యానులోంచి తన మంచినీళ్ళ సీసా, కళ్ళజోడు డబ్బా తీసుకున్నాడు. స్టీరింగుని జేబురుమాలుతో తుడిచాడు. ఇక తుడవడానికి ఏమీ లేక లోపలికొచ్చి నిలబడ్డాడు. మా బావకి అలవాటు కదా, పాత రెగ్జిన్ విప్పుతూ వచ్చినవాళ్ళందరినీ అడిగే ప్రశ్నే అడిగాడు.

"పెద్దాయనా, మీరు చెప్పండి. ఆ ముసలాడికి ఇంకా సీటెందుకంటారు?"

పెద్దాయన కళ్ళజోడు డబ్బా జేబులో పెట్టుకున్నాడు.

"ఎందుకులే బాబూ," అన్నాడు. "నడుము పోయింది. చూపు కూడా మునుపటిలా లేదు. కుర్రాళ్ళు కాచుకుని ఉన్నారు. తీసెయ్యడమే న్యాయం. ఈ వయసులో ఇంకో బండి ఎవరిస్తారు అంటావా, అది వాళ్ళకెందుకు?"

"నేను అడిగింది రేసుల్లో ముసలాడి గురించండీ."

"ఏ రేసుల్లో బాబూ?"

అద్దాలాయన చేతిలో ఉన్న టీ గ్లాసు కిందపెట్టాడు. మా బావ సుద్దముక్క తీసుకుని లేచాడు.

"కూర్చోండి. కొలవాలి."

"సోమవారం నుంచి నేను కూర్చోను కదా బాబూ. నా కొలతెందుకు?"

"కొలిచేటప్పుడు మాట్లాడకూడదు."

మెత్తటి స్పాంజి మీద ఆయన్ని కూర్చోబెట్టి చుట్టూ గీతలు గీశాడు. నడుము ఎడమవైపు వాలుతోందని అక్కడ గట్టి దిమ్మ పెట్టాడు. కుడి తొడ కింద పల్లం తీశాడు. మెడ దగ్గర చిన్న దిండు కుట్టాడు. ఆ రెండు రోజులూ ఏ డ్రైవరునీ దింపలేదు. అద్దాలాయన కంగారుపడి, "ఒంట్లో బాగానే ఉందా మీ బావకి?" అని నన్ను చాటుగా అడిగాడు.

సోమవారం పొద్దున యజమాని మేనల్లుడితో సహా వచ్చాడు. పెద్దాయన కూడా వచ్చాడు, ఇంట్లో ఉండిపోయిన రెండో తాళంచెవి ఇచ్చిపోదామని. మేనల్లుడు ఉత్సాహంగా ఎక్కి వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాడు. దిగేసరికి మనిషి ఒక పక్కకి ఒరిగి ఉన్నాడు.

"మామయ్యా, ఈ సీటు నన్ను కిటికీలోంచి బయటికి తోస్తోంది."

మా బావ గంభీరంగా వ్యాను చుట్టూ తిరిగి, లోపలికి తొంగిచూసి, కుట్లు తడిమి చూశాడు.

"సీటు సరిగ్గానే ఉంది. మనిషిలో తేడా ఉంది."

"ఇదేం కుట్టుడయ్యా," అన్నాడు యజమాని. "విప్పి మళ్ళీ కుట్టు."

"కుడతాను. ముందున్న పనులు అవ్వాలి కదా."

"ఎప్పటికవుతాయి?"

"రేసుల సీజను అయ్యేటప్పటికి."

"అదెప్పుడు అవుతుంది?"

"ముందు మొదలవ్వాలి కదండీ."

యజమాని నాకేసి చూశాడు. నేను స్పాంజి గుట్టకేసి చూశాను.

"అవతల ఆసుపత్రిలో దుప్పట్లు లేవయ్యా. అందాకా బండి ఎవరు తోల్తారు?"

"ఆ సీటు పట్టే మనిషి ఎవరైనా ఉన్నారేమో చూసుకోండి," అన్నాడు మా బావ, దారం పంటితో తెంపుతూ.

పెద్దాయన తాళంచెవి చేతిలో పట్టుకునే ఉన్నాడు. ఎక్కమన్నట్టు యజమాని విసుగ్గా చెయ్యి ఊపాడు. పెద్దాయన ఎక్కి కూర్చున్నాడు. సీటు చప్పుడు చెయ్యకుండా ఆయన్ని లోపలికి తీసుకుంది. నడుము మీద వెయ్యడానికి చెయ్యి వెనక్కి పోనిచ్చి, అక్కర్లేదని తెలిసి, స్టీరింగు మీదికి తెచ్చుకున్నాడు.

మేనల్లుడు నెలరోజులు కూడా కాచుకోలేదు. ఫోన్ల షాపులో చేరాడు. అక్కడ పొద్దస్తమానం నిలబడే పని. యజమాని సీటు సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఊరుకోలేక నేనే అడిగాను. "బావా, నెమ్మదిగా వెళ్ళేవాళ్ళని దింపాల్సిందేనని కదా నీ సిద్ధాంతం?"

"అవును. ఇప్పటికీ అదే."

"మరి ఈయన్ని ఎలా ఉంచావు?"

"ఆ రేసులవాళ్ళు దిగితే ఇంటికెళ్ళి ఈతకొలను పక్కన కూర్చుంటారు. ఈయన ఎక్కడ కూర్చుంటాడోయ్?" అని, నన్ను పక్కకి జరగమని స్పాంజి తీసుకున్నాడు.

సీట్ల విషయంలో మా బావ ఇచ్చిన తీర్పుల్లో ఈ ప్రపంచంలో అమలైంది అదొక్కటే. ఆ మధ్య లాండ్రీ యజమాని తనే ఒకరోజు వ్యాను నడిపి, ఆసుపత్రికి పెద్దాయనకన్నా ఆలస్యంగా చేరాడు. ఆ బండి, ఎవరు కూర్చున్నా, గంటకి నలభై దాటదు.