ఎదుటి కొండకు సరిపడే రేడియో

మా ఆవిడ నర్సు. అనంతగిరిలో మా అద్దె ఇంటి వరండాలో నిలబడితే, ఆమె పనిచేసే ఊరున్న కొండ ఎదురుగా కనిపించేది. మధ్యలో లోయ, లోయ నిండా కాఫీ తోటలు. వారంలో సగం రోజులు ఆమె అక్కడే, ఒక ముసలమ్మ ఇంట్లో ఉండిపోయేది. అక్కడ ఫోన్ పలికేది కాదు. ఆ కొండను మంచు కప్పేయగానే నాకు ఇంట్లో కాలు నిలిచేది కాదు.

నేను హైస్కూల్లో సైన్స్ చెబుతాను. సర్క్యూట్లు కట్టడం చిన్ననాటి పిచ్చి. ఆమె అక్కడ మీట నొక్కితే ఇక్కడ దీపం వెలగాలి, అంతే నాకు కావలసింది. అన్నిటికన్నా చవకైన రేడియో జత తెప్పించాను. పంపేది గోరంత, అందుకునేది బొటనవేలంత. జానెడుకు కాస్త తక్కువ తీగ యాంటెన్నాగా అతికాను.

"ఏటి సేత్తన్నారు? కూర సల్లారిపోతంది," అంది మా ఆవిడ.

"ఇది పట్టుకుని పెరటి చివరికెళ్లి నొక్కు."

దీపం వెలిగింది. ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం.

ఆ మర్నాడు ఆమె కొండకు వెళ్లింది. సాయంత్రం దీపం వెలిగింది. కాసేపటికి మళ్లీ, మళ్లీ. నన్ను అన్నిసార్లు తలచుకుంటోందని పొంగిపోయాను. తిరిగొచ్చాక అడిగితే తెల్లబోయింది.

"ఎల్లగానే ఒక్కపాలే నొక్కాను. సాయంత్రం నానేటీ నొక్కనేదు."

అప్పుడర్థమైంది. అలాంటి రిసీవర్ తనకు పిలుపేమీ రాకపోతే చెవులు మరీ రిక్కించి, గాలిలోని గోలనంతా విని దీపం వెలిగించేస్తుంది. నేను ఆ సాయంత్రమంతా ఉత్త గోలను చూసి మురిసిపోయాను. ఎందుకో అది చాలా రోజులు మనసులో గుచ్చుకుంది.

తర్వాత వైఫైలా పనిచేసే రకం కొన్నాను. గోలను నమ్మదు, పంపింది అందిందో లేదో తిరిగి చెబుతుంది కూడా. కానీ తడిసిన సిల్వర్ ఓక్ చెట్లు దాన్ని లోయ దాటనివ్వలేదు. వాన వెలిసినా అదే తీరు. చివరికి లోరా అనే రకం దొరికింది. నింపాదిగా నాలుగక్షరాలు మాత్రమే మోస్తుంది కానీ చాలా దూరం మోస్తుంది. అంతకన్నా ఎక్కువ మాకూ అక్కర్లేదు.

"మాటలెల్తాయా?" అంది పెట్టె చేతిలోకి తీసుకుంటూ.

"వెళ్లవు. ఒకసారి నొక్కితే చేరానని, రెండుసార్లయితే తిన్నానని."

ఆ సాయంత్రం దీపం ఒకసారి వెలిగి ఆరింది. నేను జవాబు నొక్కాను. చాలాసేపటికి రెండుసార్లు వెలిగింది. అవతల మా ఆవిడ పెట్టె మీద దీపం వెలగగానే ముసలమ్మ, "పలికినాడా నీ మొగుడు?" అని అడిగేదట. అన్నం వడ్డించాక, "బేగి సెప్పీ, ఎదురుసూత్తాడు," అని తొందర పెట్టేదట.

రెండు వానకాలాలు అలా గడిచాయి. తర్వాత ఆమెకు రాజవొమ్మంగి బదిలీ అయింది. నాకు కాలేదు. మధ్య ఉన్న కొండలను ఏ చిన్న రేడియో కూడా దాటదు. అయినా కేటలాగులు తిరగేశాను, పెద్ద యాంటెన్నాల గురించి చదివాను. అక్కడ ఫోన్ బాగానే పలుకుతుంది కదా అని గుర్తొచ్చి నాకే నవ్వొచ్చింది.

రోజూ మాట్లాడుకుంటాం. మొన్న మాటల మధ్యలో ఆమె ఆగిపోయింది.

"ఏమైంది?"

"ఏటీ నేదు. ఇన్ని మాటలాడతన్నాం గానీ, ఆ కొండ మీదున్నప్పుడు మీరు దగ్గరున్నట్టుండేది."

శనివారం బడి వదలగానే బస్సెక్కాను. నర్సీపట్నంలో బస్సు మారేసరికి వాన పట్టుకుంది. రాజవొమ్మంగిలో దిగితే, ఆమె డ్యూటీ చీరలోనే గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. వస్తున్నానని నేను చెప్పనే లేదు.

"ప్రతి శనివారం ఈ బస్సు సూసెల్తాను," అంది.