మట్టి అంటని చొక్కా

కువైట్‌లో నేను నోరారా తెలుగు మాట్లాడింది ఒకే ఒక్క చోట, కాలేజీ ఫుట్‌బాల్ మైదానం కంచె పక్కన. మాట్లాడటమంటే తిట్టడమే లెండి.

జాబ్రియాలో నేను పనిచేసిన ఇంట్లో తల్లీ కొడుకూ ఉండేవారు. ఇంటాయన ఎప్పుడో పోయాడు. పనిమనుషులందరిలాగే నేనూ ఇంటావిడను మామా అనేదాన్ని. కొడుకు కాలేజీ జట్టులో ఆడేవాడు. వెనక నిలబడి, గోలు మీదికి వచ్చేవాళ్లను అడ్డుకోవడం అతని పని. ఆట ఉన్న రోజు మామా కారు కంచె దాకా తెచ్చి ఆపి, అద్దం సగం దించుకుని చూసేది. నేను టీ ఫ్లాస్కు పట్టుకుని బయట నిలబడేదాన్ని.

కడప జిల్లాలో మేకలు కాసినదాన్ని. పారిపోయే మేకపోతును ఆపాలంటే ఎగిరి దాని కాళ్ల మీద పడాలి. మోకాళ్లు దోక్కుపోయినా సరే. ఈ అబ్బాయి పడడు. బంతితో వచ్చేవాడికి ఎదురుగా నిలబడి, చేతులు కాస్త చాచి, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ పోతాడు. వాడు కాసేపు అటూ ఇటూ ఊగి, సందు చూసుకుని దూరి గోలు కొట్టేస్తాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

"ఏం రా, కొత్త పెండ్లికూతురు మాదిరి ఎనక్కి ఎనక్కి పోతాండావు! పడు రా వాని కాళ్ల మింద!"

కారులోంచి మామా అరబ్బీలో అరిచేది. ఆమె కోపమంతా కోచ్ మీద. మెడలో ఈల వేసుకుని గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ "ఓపిక, ఓపిక" అని కేకలు వేయడం తప్ప, మీద పడి ఆపమని ఆయన ఒక్కరికీ చెప్పడు. పిల్లి గుడ్డిదైతే ఎలుక ఎకసక్కేలాడిందట. ఎదుటి జట్టువాళ్లు మావాడితో అలాగే ఆడుకునేవారు.

ఇంటికొచ్చాక ఆ తెల్ల చొక్కా ఉతికేది నేనే. చెమట తప్ప ఒక్క మట్టి మరక ఉండేది కాదు. మరక లేని చొక్కా చూస్తే నాకు ఇంకా మంట. "ఒక్కసారైనా కింద పడి రావేం?" అని వచ్చీరాని అరబ్బీలో అడిగాను ఒకరోజు.

నవ్వాడు. "మీదికి దూకితే వాడు తప్పుకుని పోతాడు. నేను కింద ఉంటాను, గోలు ఖాళీగా ఉంటుంది. వాడికీ గోలుకీ మధ్య నిలబడి ఉండటమే నా పని అంటాడు కోచ్."

"నిలబడి నిలబడి ఓడిపోతాండారు గదరా," అని తెలుగులో గొణుక్కుంటూ వెళ్లిపోయాను.

నా తిట్లు ఆ కంచె దగ్గర ఎవరికీ అర్థమయ్యేవి కావు. పక్కన ఒక్క తెలుగు మనిషి ఉండి "నిజమే కదక్కా" అంటే ఎంత బాగుండేదో అనిపించేది. తిట్టుకోవడానికి కూడా తోడు కావాలి మనిషికి.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చి పడింది. ఆటలు పోయాయి, రోడ్డు మీద తిరగడాలు పోయాయి. ఆ వయసు కుర్రాళ్లను వీధుల్లోంచి పట్టుకుపోతున్నారని తెలిసి మామా కొడుకును గడప దాటనివ్వలేదు. అతను ఆ తెల్ల చొక్కా వేసుకుని గదుల్లో తిరిగేవాడు. అతన్ని దక్కించుకోవడం తప్ప ఆ ఇంట్లో మాకు వేరే పనే లేకుండా పోయింది.

ఒక మధ్యాహ్నం ఇద్దరు సైనికులు గేటు బాదారు. నేనే తీశాను. కారు కావాలన్నారు. "తాళం తెస్తాను, ఇక్కడే ఉండండి" అంటూ అడ్డం నిలబడ్డాను. ఒకడు తుపాకీ మడమతో నన్ను తోశాడు. మట్టిలో పడ్డాను. రెండోవాడు కారు దగ్గర ఆగాడు, నన్ను తోసినవాడు ఇంటి తలుపు వైపు నడిచాడు.

అప్పుడే అబ్బాయి ఆ తెల్ల చొక్కాతోనే బయటికొచ్చాడు. పడి ఉన్న నన్ను చూశాడు. పిడికిళ్లు బిగిశాయి, కుడికాలు ముందుకొచ్చింది. ఏడాదంతా ఏ కాలు కోసం గొంతు చించుకున్నానో, ఆ కాలు. దూకితే కాల్చేస్తారు. కంచె దగ్గర పడు రా అని అంత అరిచినదాన్ని, పడొద్దు రా అని మనసులోనే మొక్కుకున్నాను.

ఆ కాలు ఆగింది. వెనక్కి పోయింది. చేతులు కాస్త చాచి, వాడి నడుము మీదే చూపు నిలిపి, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ తలుపు దాకా పోయాడు. తలుపు వెనక వాళ్లమ్మ ఉంది. సైనికుడు అటు జరిగితే అటు, ఇటు జరిగితే ఇటు. వాడిని ముట్టుకోలేదు, దారీ ఇవ్వలేదు. జేబులోంచి తాళం చెవి తీసి వాడి కాళ్ల దగ్గర వేశాడు. వాడు కాసేపు ఊగిసలాడి, వంగి తాళం తీసుకున్నాడు. కారు వెళ్లిపోయింది.

మరునాడు తెల్లవారగానే మామా తమ్ముడు జీపు తెచ్చాడు. ఎడారి దారిన సౌదీకి. పిల్లాపాపలతో అప్పటికే కిక్కిరిసి ఉంది. మామా నన్ను చూసి, జీపును చూసి ఏడ్చింది. "పోండి మామా, మా ఇండియావాళ్లకు బస్సులు వస్తాయంట" అన్నాను. అబ్బాయి చేయి ఊపుతూనే ఉన్నాడు, మలుపు దాకా.

ఇంట్లోకి వచ్చాను. ఏ గదిలోనూ చప్పుడు లేదు. చేయడానికి పని కావాలి కదా, ఉతికే బట్టల బుట్ట ముందేసుకున్నాను. పైన మట్టి కొట్టుకుపోయిన నా గౌను. దాని కింద తెల్ల చొక్కా. వెలుతురులోకి పట్టి ముందూ వెనకా తిప్పి చూశాను. మరక లేదు. చిల్లు లేదు.

దాన్ని ముఖానికి అదుముకుని ఏడ్చాను. "గెలిచినావు కదరా నాయనా" అని గట్టిగా అరిచాను. కంచె దగ్గర లాగే, విని అర్థం చేసుకునేవాళ్లు ఎవరూ లేరు.